సూది ఏస్తే సరిపోదు, సుద్ది చెప్పాలె

నిన్నటిదాకా "ఇద్దరు చాలు" అన్నరు. ఊరూరా గోడల మీద తలకిందుల ఎర్ర త్రికోణం గీసిన్రు. ముగ్గురు పిల్లలుంటే సర్పంచ్‌గ నిలబడొద్దని చట్టం చేసిన్రు. ఇప్పుడు అదే నోటితోని "ఇంకా కనుండ్రి" అంటున్నరు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువ మంది పిల్లల్ని కనాలని బహిరంగంగనే పిలుపిచ్చిండు. నవంబరుల అక్కడి అసెంబ్లీ స్థానిక ఎన్నికల్ల ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తేసింది. జనం లెక్క తగ్గితే పార్లమెంటుల సీట్లు తగ్గుతయన్న భయం దక్షిణాది అంతటా ఉన్నది. ఆ భయం ఉత్తగ పుట్టింది కాదు. గాని ఈ లెక్కలన్నిట్ల ఒక్క మనిషిని ఎవ్వరూ అడుగుతలేరు. కనేటి మనిషిని.

వద్దన్నా, కనుమన్నా రెండూ హుకుములే. ఎప్పుడు కనాలె, ఒక కాన్పుకు ఇంకో కాన్పుకు ఎంత ఎడం ఉండాలె, అసలు కనాల్నా వద్దా అని ఆడమనిషి తనంతట తాను తేల్చుకోవాలంటే ఆమె చేతుల సాధనాలుండాలె. ఆ సాధనాల గురించి తెలివిడి ఉండాలె. మన రెండు రాష్ట్రాల్ల ఉన్నదేంది? ఒక్కటే సాధనం. ఆపరేషన్.

ఒక్కటే దారి ఉంటే అది ఎంపిక ఎట్లయితది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడుండ్రి. ఆంధ్రప్రదేశ్‌ల పెళ్లై, 15 నుంచి 49 ఏండ్ల నడుమ ఉన్న ఆడోళ్లల్ల దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నోళ్లే. తెలంగాణల 60 శాతం పైన. దేశం సగటు 38 శాతం. మరి మొగోళ్ల ఆపరేషన్? దేశం మొత్తం మీద 0.3 శాతం. పిల్లలకు పిల్లలకు నడుమ ఎడం కోసం వాడే సూది? దేశంలనే నూటికి ఒక్కరు గూడ లేరు.

దీని అర్థం మీ ఇంట్లనే కనబడతది. మీ అక్కనో వదిననో యాది చేసుకోండ్రి. పద్దెనిమిది నిండంగనే పెండ్లి. ఏడాది తిరగకముందే కాన్పు. మల్ల రెండేండ్లకు ఇంకో కాన్పు. ఇరవై మూడు, ఇరవై నాలుగేండ్లకు ఆపరేషన్. ఆ రెండు కాన్పుల నడుమ "బిడ్డా, నీ ఒళ్లు కోలుకోనీ, మూడేండ్లు ఆగు, దానికి ఇదుగో ఈ దారులున్నయి" అని చెప్పినోళ్లు ఎవ్వరూ లేరు. ఆపిందంటే ఎప్పటికీ ఆపుడే. ఆగుడు, మల్ల మొదలుపెట్టుడు అన్న ముచ్చటే లేదు.

ఆ ఒక్క దారి సుత భద్రమా? 2022 ఆగస్టుల రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానల ఒక్కనాడే 34 మందికి ఆపరేషన్లు చేసిన్రు. నలుగురు తల్లులు చచ్చిపోయిన్రు. 2014 నవంబరుల ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌ల కొన్ని గంటలల్లనే ఒక్క డాక్టరు 83 మందికి కోసిండు, పదిమందికి పైగా పోయిన్రు. క్యాంపులు పెట్టి మందలెక్క ఆపరేషన్లు చేసుడు మూడేండ్లల్ల బందు పెట్టాలని 2016 సెప్టెంబరుల సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పొచ్చి దాదాపు ఆరేండ్లు అయినంక ఇబ్రహీంపట్నం జరిగింది.

అందుకే ఎడం కోసం వాడే పద్ధతుల గురించి మాట్లాడాలె. అందుల ఒక గుంపు గురించి మరీ మాట్లాడాలె, ఎందుకంటే సర్కారు దవాఖానకు కొత్తగ వస్తున్నయన్నీ దాదాపు అదే గుంపుల నుంచి వస్తున్నయి. వాటిని ప్రొజెస్టిన్ పద్ధతులు అంటరు.

ప్రొజెస్టిన్ అంటే ఏంది?

నేను డాక్టర్ను కాదు. డిగ్రీ సుత లేదు. ఇరవై ఏండ్లుగ ఆడోళ్ల సంఘాలల్ల తిరుగుకుంట, ఏఎన్ఎం అక్కల దగ్గర కూసుండి, సర్కారు ఆరోగ్య పుస్తకాలు ముందరేసుకుని నేర్చుకున్న ముచ్చట మీకు చెప్తున్న.

ఆడోళ్ల ఒంట్ల రెండు ముఖ్యమైన హార్మోన్లు ఉంటయి. ఒకటి ఈస్ట్రోజెన్, రెండోది ప్రొజెస్టిరాన్. మామూలు గర్భనిరోధక గోలీలల్ల, అంటే సర్కారు పుక్కటికి ఇచ్చే మాలా-ఎన్ అసొంటి వాటిల, రెండు రకాలూ కలిసి ఉంటయి. ప్రొజెస్టిన్ పద్ధతులల్ల ఈస్ట్రోజెన్ ఉండదు. ప్రొజెస్టిరాన్‌ను పోలిన మందు ఒక్కటే ఉంటది. అది గర్భసంచి ముఖం కాడ జిగురును చిక్కగ చేసి వీర్యకణాలను లోపలికి పోనియ్యదు. కొన్ని పద్ధతులల్ల నెలనెలా గుడ్డు విడుదలయ్యేది గూడ ఆగుతది.

ఈస్ట్రోజెన్ లేకపోవుడే దీని లాభం. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మాలా-ఎన్ ఇయ్యొద్దు. బీపీ ఉన్నోళ్లకు, కండ్ల ముందు మెరుపులొచ్చి తలనొప్పి లేసేటోళ్లకు, 35 దాటి చుట్టనో బీడీనో తాగేటోళ్లకు గూడ ఆ గోలీ మంచిది కాదు. ఇసొంటోళ్లల్ల చాలామందికి ప్రొజెస్టిన్ పద్ధతులు పనికొస్తయి. మరి ఇన్ని రకాలల్ల ఏది తీసుకోవాలె?

నాలుగు దారులు, నాలుగు రకాల బతుకులు

మొదటిది సూది. 'అంతర' అన్న పేరుతోని 2017 నుంచి సర్కారు దవాఖానలల్ల పుక్కటికే ఇస్తున్నరు. దాంట్ల ఉండే మందు పేరు డీఎంపీఏ. మూడు నెలలకోసారి, ఏడాదికి నాలుగు సూదులు. తేదీకి రెండు వారాల ముందట పోయినా ఇస్తరు, నాలుగు వారాలు ఆలస్యమైనా ఇయ్యొచ్చు. ఏసిన చోట రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు. పాలిచ్చే తల్లికి కాన్పైన ఆరు వారాల తర్వాత మొదలు పెడతరు. ఇంట్ల ఎవ్వరికీ కనబడదు. అత్తకు, మొగనికి తెల్వకుంట కాపాడుకోవాల్సిన ఆడామెకు ఇది చానా పెద్ద సంగతి.

గాని ఒకసారి ఒంట్లకు పోయిన సూదిని వెనక్కు తియ్యలేం. పడకపోతే ఆ మూడు నెలలు భరించుడే. ఇంకో ముచ్చట, చివరి సూది తర్వాత కడుపు నిలవడానికి సగటున 7 నుంచి 10 నెలలు పడతది. వచ్చే ఏడాదే ఇంకో పిల్లో పిల్లగాడో కావాలనుకునేటోళ్లు ఈ సూది తీసుకుంటే పరేషాన్ అయితరు. "సూదితోని గొడ్రాలైంది" అన్న నింద గూడ అప్పుడే పుడతది. అది గొడ్డుతనం కాదు, ఆలస్యం. కొంతమంది బరువు పెరుగుతరు. వాడినన్ని రోజులు ఎముకల గట్టితనం కొంత తగ్గుతది, ఆపినంక చాలావరకు తిరిగి వస్తది. దీని మీద అమెరికా మందుల సంస్థ 2004లనే గట్టి హెచ్చరిక పెట్టించింది. ఏడాదికి మించి వాడినోళ్లకు మెదడు పొరల వచ్చే ఒక రకం గడ్డ ముప్పు పెరుగుతుందని 2024ల ఫ్రాన్స్ పరిశోధన ఒకటి చెప్పింది. ఆ గడ్డ చానా అరుదు. అయినా తెలుసుకునే హక్కు సూది ఏయించుకునే ఆమెకు ఉన్నది.

రెండోది రోజు గోలీ. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే గోలీ ఎక్కువగ ప్రైవేటు మెడికల్ షాపులల్లనే దొరుకుతది. నడుమ గ్యాప్ లేకుంట రోజూ ఒకటే టైముకు మింగాలె. పాత రకం గోలీ మూడు గంటలు ఆలస్యమైతే కాపాడే బలం పోతది. డెసోజెస్ట్రెల్ అనే కొత్త రకానికి 12 గంటల దాకా వెసులుబాటు ఉంటది. పడకపోతే ఇయ్యాల్నే ఆపొచ్చు, కడుపు నిలవడానికి ఆలస్యం కాదు. గాని పొద్దున నాలుగింటికి లేసి నాట్లకు పోయే ఆమెకు, చీకటి పడ్డంక ఇల్లు చేరే ఆమెకు, గడియారం చూసి గోలీ మింగుడు ఎంత కష్టమో మనకు తెలుసు. మాత్రల షీటు దాచుకునే జాగ సుత ఉండాలె.

మూడోది ఇంప్లాంట్. అగ్గిపుల్లంత మెత్తటి కడ్డీ. మోచేతి పైభాగంల, చర్మం కింద పెడతరు. మూడేండ్లు పనిచేస్తది. అన్ని పద్ధతులల్ల తక్కువ విఫలమయ్యేది ఇదే, వెయ్యిమందిల ఏడాదికి ఒకరికో ఇద్దరికో తప్ప కడుపు నిలవదు. తీసేస్తే మల్ల తొందరగనే కడుపు నిలుస్తది. 2023 నుంచి కేంద్రం దీన్ని కొన్ని రాష్ట్రాలల్ల, కొన్ని జిల్లాలల్ల మొదలు పెట్టింది. ఇక్కడ అడగాల్సింది ఒక్కటే ప్రశ్న. పెట్టేటోళ్లు ఉన్నరు సరే, తీసేటోళ్లు ఉన్నరా? వద్దనుకున్ననాడు తీసే చెయ్యి మండలంల లేకపోతే అది సాధనం కాదు, సంకెల.

నాలుగోది హార్మోన్ లూప్. కాపర్‌టీ మీకు తెలుసు, దాంట్ల హార్మోన్ ఉండదు, సర్కారు దవాఖానల పుక్కటికే పెడతరు. అదే ఆకారంల ప్రొజెస్టిన్ ఉండే లూప్ గూడ ఉన్నది. ఐదేండ్లు, ఆపైన పనిచేస్తది. నెలసరి నెత్తురు బాగ తగ్గుతది. గాని ధర వేలల్ల ఉంటది, కూలీ చేసుకునేటోళ్లకు అందదు.

ఇగ 'ఛాయ' గోలీ. చాలామంది దీన్ని గూడ ఇదే గుంపుల కలుపుతరు. కాదు. దాంట్ల అసలు హార్మోనే లేదు. లక్నోల మన కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారు చేసిన మందు అది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికి ఒక్కసారి. పాలిచ్చే తల్లులు గూడ వాడొచ్చు.

ఇంకో జాగ్రత్త, పల్లెలల్ల ఎవ్వరూ చెప్పనిది. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫినిటోయిన్, కార్బమజపిన్ అసొంటి మందులు వాడుతుంటే ప్రొజెస్టిన్ గోలీ, ఇంప్లాంట్ సరిగ పనిచెయ్యవు. సూది మీద మాత్రం ఆ దెబ్బ పడదు. రొమ్ము క్యాన్సర్ ఉన్నోళ్లు ఈ గుంపుల ఏదీ వాడొద్దు. కారణం తెల్వకుంట నెత్తురు పోతున్నోళ్లు, కాలేయం బాగ దెబ్బతిన్నోళ్లు, గుండెపోటు, పక్షవాతం వచ్చినోళ్లు, బీపీ మరీ ఎక్కువున్నోళ్లు డాక్టర్‌కు చూపించుకోకుంట మొదలు పెట్టొద్దు. ఈ పద్ధతులేవీ హెచ్ఐవీని, సుఖవ్యాధులను ఆపవు. దానికి నిరోధే.

పటాన్‌చెరు మనకు నేర్పింది

సూది మంచిదే కదా, మరి ఆడోళ్ల సంఘాలు ఏండ్ల తరబడి ఎందుకు కొట్లాడినయని కొందరు అడుగుతరు. దానికి జవాబు మన పటాన్‌చెరుల ఉన్నది.

1980లల్ల నెట్-ఎన్ అనే ప్రొజెస్టిన్ సూదిని ఈ దేశంల ఆడోళ్ల మీద పరీక్షించిన్రు. పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆ జాగలల్ల ఒకటి. ఇది ప్రయోగం అని ఆ పేద ఆడోళ్లకు చెప్పలేదని, దుష్ఫలితాలు వివరించలేదని హైదరాబాద్‌ల స్త్రీశక్తి సంఘటన గుర్తుపట్టింది. ఢిల్లీకి చెందిన సహేలీ అసొంటి సంఘాలతోని కలిసి 1986ల సుప్రీంకోర్టుకు పోయింది. తర్వాత 1993ల డీఎంపీఏ సూదికి ప్రైవేటు మార్కెట్‌ల అనుమతి వచ్చింది. సర్కారు కార్యక్రమంల పెట్టొద్దని కొట్లాట మల్ల నడిచింది. 2015ల ఔషధ సాంకేతిక సలహా మండలి ఒప్పుకున్నది. 2017ల 'అంతర' అయింది.

ఆ అక్కలు కొట్లాడింది సైన్సు మీద కాదు. చెప్పకుంట చేసుడు మీద. వాళ్లు అడిగిన ప్రశ్న ఇప్పటికీ పాతబడలే. ఆడమనిషి తన చేతుల ఆపుకోలేని పద్ధతిని, సౌలతులు లేని దవాఖానల, టార్గెట్ల ఒత్తిడి కింద ఇస్తే అది ఎవరి అధీనంల ఉన్నట్టు?

నా మట్టుకు ఈ ప్రశ్నకు జవాబు "సూది వద్దు" అని కాదు. సూదిని బందు పెడితే మిగిలేది మల్ల ఆపరేషనే. సూది ఉండాలె, గోలీ ఉండాలె, ఇంప్లాంట్ ఉండాలె, కాపర్‌టీ ఉండాలె. గాని సూదికి ముందు సుద్ది ఉండాలె. దీంతోని ఏమైతది, ఎప్పుడు ఆపొచ్చు, ఆపితే ఏమైతది, పడకపోతే ఎక్కడికి రావాలె. ఈ నాలుగు మాటలు చెప్పకుంట ఏసిన సూది పటాన్‌చెరు సూదే.

నెత్తురు ముచ్చట దాచొద్దు

చెప్పకపోతే ఏమైతదో ఒక ఉదాహరణ. మా దిక్కు ఒక సంఘం మీటింగుల ఒక చెల్లె చెప్పింది. కాన్పైనంక సూది తీసుకున్నది. రెండో నెల నుంచి చుక్క చుక్కగ నెత్తురు కనబడుడు మొదలైంది. ఆర్నెల్లకు నెలసరి పూర్తిగ ఆగింది. "చెడు నెత్తురు కడుపుల పేరుకుపోతున్నది" అని అత్త భయపెట్టింది. ఒక ప్రైవేటు దవాఖానకు పోతే స్కానింగ్ తీసి "గర్భసంచి ఖరాబైంది, తీసెయ్యాలె" అన్నరట. ఆ చెల్లెకు 24 ఏండ్లు. ఏఎన్ఎం అక్క అడ్డం పడి ఆపింది.

సూది తీసుకున్నోళ్లకు మొదట్ల అటుఇటుగ నెత్తురు కనబడుడు, తర్వాత తర్వాత నెలసరి ఆగుడు మామూలే. ఏడాది వాడినోళ్లల్ల దాదాపు సగం మందికి ఆగుతది. లోపల ఏదీ పేరుకోదు. గర్భసంచి లోపలి పొర పల్చగ ఉంటది కాబట్టి రావడానికే ఏం ఉండదు, అంతే. మందు ఆపినంక మల్ల వస్తది. బట్టలు తడిసేటంత నెత్తురు పోయినా, వారం దాటి ఆగకున్నా, కడుపుల గట్టిగ నొచ్చినా దవాఖానకు పోవాలె. మందుతోని తగ్గించొచ్చు.

ఈ రెండు ముక్కలు ముందే చెప్పి ఉంటే ఆ చెల్లె భయపడేది కాదు. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు దేశంల ఎక్కువ జరిగేది మన రెండు రాష్ట్రాలల్లనే. నెలసరి ఎక్కువ పోతే హార్మోన్ లూప్‌తోని గూడ వైద్యం చెయ్యొచ్చని, కోతే అక్కర్లేదని ఎంతమందికి చెప్తున్నరు? తెలివిడి లేని కాడ భయం వ్యాపారమైతది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీతోని రెండు మాటలు

మెడికల్ షాపుల 72 గంటల గోలీ మీకు బాగ తెలుసు. అది గూడ ప్రొజెస్టిన్ మందే, లెవోనార్జెస్ట్రెల్. ఎంత తొందరగ మింగితే అంత పనిచేస్తది. కడుపు నిలిచినంక మింగితే ఏం చెయ్యదు. అది అబార్షన్ గోలీ కాదు, అబార్షన్ మందు వేరే, దాన్ని డాక్టరు లేకుంట ముట్టొద్దు. 72 గంటల గోలీని నెలకు నాలుగుసార్లు వాడుతున్నరంటే అర్థం ఏంది? మీకు సరైన పద్ధతి ఒకటి కావాలె గాని అడగడానికి సిగ్గయితుందని. దానికన్న రోజు గోలీనో సూదినో నయం, గట్టిగ కాపాడతయి, నెలసరి లెక్క తప్పి పరేషాన్ అయ్యే బాధ తగ్గుతది.

తమ్ముళ్లూ, ఈ వ్యాసం ఆడోళ్లదని పక్కకు జరపకుండ్రి. సూది ఆమె ఒంట్లకు, గోలీ ఆమె కడుపులకు, కోత ఆమె పొట్ట మీద. మన వాటాకు వచ్చింది ఏంది? నిరోధ్ వాడుడు చిన్నతనం కాదు. పిల్లలు చాలనుకున్నంక మొగోళ్ల ఆపరేషన్ ఆడోళ్ల ఆపరేషన్ కన్న చిన్నది, భద్రమైంది, తొందరగ కోలుకునేది. పొలం పని చెయ్యలేరన్నది ఉత్త మాట. మగతనం పోతదన్నది ఇంకా ఉత్త మాట.

చెల్లెళ్లూ, దవాఖానకు పోయినప్పుడు మీ బతుకును బట్టి అడగండ్రి. నాకు మల్ల పిల్లలు ఎప్పుడు కావాలె? రోజూ యాది పెట్టుకునుడు నాతోని అయితదా? ఇంట్ల తెలిస్తే లొల్లి అయితదా? నెలసరి మారితే నేను తట్టుకుంటనా? పడకపోతే నా అంతట నేను ఆపుకోవచ్చా? ఏడాదిల పిల్లలు కావాలంటే సూది వద్దు. గడియారం కుదరకపోతే గోలీ వద్దు. హార్మోనే పడకపోతే కాపర్‌టీ, ఛాయ, నిరోధ్ ఉన్నయి. సూదికైనా, గోలీకైనా, ఆఖరికి ఆపరేషన్‌కైనా మొగని సంతకం అవసరం లేదని సర్కారు మార్గదర్శకాలే చెప్తున్నయి. ఎవరన్న అడిగితే ఆ కాయిదం చూపెట్టుమనండ్రి.

సర్కార్లను అడగాల్సింది గూడ ఉన్నది. ఎంతమందికి ఆపరేషన్లు చేసిన్రని కాదు, ఎంతమందికి అన్ని పద్ధతులు వివరించిన్రని లెక్క అడగాలె. ప్రతి పీహెచ్‌సీల సూది స్టాకు తెగకుంట ఉండాలె, మూడో నెల పోతే "రాలేదు" అన్న మాట వినబడొద్దు. ఇంప్లాంట్ తెలుగు పల్లెలకు వచ్చేనాటికి పెట్టుడు, తీసుడు రెండూ నేర్చినోళ్లు మండలానికి ఒకరన్న ఉండాలె. ఆశా అక్కలకు ఆపరేషన్ కేసు తెచ్చినందుకే కాదు, కూసుండి చెప్పినందుకు గూడ పైసలియ్యాలె.

ఇద్దరా, ముగ్గురా, అసలు వద్దా అన్నది ముఖ్యమంత్రులు తేల్చే ముచ్చట కాదు. సీట్ల లెక్క ఢిల్లీల తేల్చుకోండ్రి. కడుపు లెక్క మాత్రం కనే ఆమెకే ఇడిసిపెట్టుండ్రి.